ఆగండి మేడమ్ పెట్టిన మెనూ

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా పెద్ద డాక్టరుగారికి, వేదిక మీద ఆయనకు అటూ ఇటూ కూర్చున్న పెద్దలకు, ఇవాళ పని కాస్త ముందే ముగించుకుని ఈ హాల్లోకి వచ్చిన మా వినికిడి కేంద్రం సిబ్బందికి, ముందు వరసలో, ఇవాళ రిటైరవుతున్న మా అక్క పక్కన కూర్చుని, రేపటి నుంచి ఈవిడ పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటుందన్న సంగతి ఇంకా పూర్తిగా బుర్రకెక్కని మా బావగారికి, అందరికీ నా నమస్కారాలు. (నవ్వులు)

నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. నా ఉద్యోగమంతా ఎదుటివాళ్లకు వినబడుతోందో లేదో చూడడమే. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దానికి ఇవతల కూర్చుని, సన్నటి శబ్దాలు ఒక్కొక్కటే పంపిస్తూ, "వినబడగానే బటన్ నొక్కండి" అని ఇన్నేళ్లుగా వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతూ వచ్చాను. అందుకే మైకు ముందు నిలబడగానే ముందొచ్చే అనుమానం, వెనక వరసకు వినబడుతోందా అని. చెయ్యెత్తారు కాబట్టి సాగిస్తాను.

మా సిస్టమ్స్ అక్క గురించి చెప్పాలి. ఈ కేంద్రంలో ఉన్న కంప్యూటర్లన్నీ ఆవిడ చేతి మీదుగా నడిచినవే. రిసెప్షన్‌లో ఆవిడకు ఆగండి మేడమ్ అని పేరు పెట్టారు. ఎవరు ఏ మీట నొక్కబోయినా వెనకనుంచి ముందు "ఆగండి" అన్న మాట వస్తుంది కనక. ఆ పేరు ఆవిడకు తెలియదని మనమంతా అనుకుంటున్నాం. తెలుసండీ. నాకు మొదట చెప్పిందే ఆవిడ. (నవ్వులు)

మా పరీక్ష గది చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. అది చిన్న గది, గోడలకు మెత్తటి దళసరి పలకలు, లోపల ఈగ వాలినా తెలిసేంత నిశ్శబ్దం. అందులో ఒక్క కంప్యూటరే పెట్టగలం. రెండోది పెడితే దాని ఫ్యాను రొద పరీక్షలో కలిసిపోతుంది. కానీ పనులు మూడు. పరీక్ష యంత్రం పాతది, పాత సిస్టమ్, అంటే కంప్యూటరును నడిపించే పాత సాఫ్ట్‌వేర్, ఉంటే తప్ప మాట వినదు. రిపోర్టులు, రిజిస్టర్లు కొత్త సిస్టమ్‌లో తప్ప తెరుచుకోవు. ఇక చిన్నపిల్లల కోసం అక్క సొంతంగా తయారుచేసిన ఆట ఒకటుంది, పాపకు శబ్దం వినబడి డప్పు కొడితే తెర మీద బాతు తల ఊపుతుంది, అది లినక్స్ అనే ఇంకో సిస్టమ్‌లో నడుస్తుంది. ఒకే పెట్టెలో ఈ ముగ్గురినీ కాపురం పెట్టించి, పొద్దున్నే కంప్యూటరు ఆన్ చేయగానే "నీకు ఇవాళ ఎవరు కావాలి?" అని అడిగే మెనూ పెట్టింది మా అక్క. నల్ల తెర మీద వరసగా పేర్లుంటాయి, బాణం మీటతో కావలసిన దాని మీదికి వెళ్లి నొక్కడమే, ఇంకేం లేదు.

ఇంకేం లేదు అనుకున్నాం. మొదటి వారం అంతా గందరగోళమే. నేను పరీక్ష కోసం కూర్చుంటే రిజిస్టర్లు తెరుచుకుంటాయి, మళ్లీ ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ రిజిస్టర్లే. మా అకౌంట్స్ తమ్ముడైతే దీనికి దిష్టి తగిలిందన్నాడు. అదిగో, తల దించుకుంటున్నాడు. (నవ్వులు) అక్క ఒక పూట కుర్చీ వేసుకుని నా వెనక కూర్చుంది. అప్పుడు దొరికింది దొంగ. కంప్యూటరు లేవగానే "బీప్" అంటుంది. అది వినబడిన మరుక్షణం నా వేలు మీట మీద పడుతోంది. నాదే కాదు, మా కేంద్రంలో అందరిదీ అంతే. రోజంతా శబ్దం వినగానే నొక్కమని చెప్పీ చెప్పీ, మా వేళ్లకే ఆ అలవాటు పట్టుకుంది. మెనూ తెర మీదికి వచ్చీ రాకముందే మొదటి వరస, అంటే రిజిస్టర్లున్న కొత్త సిస్టమ్, నొక్కేస్తున్నాం. ఇంకో కేంద్రంలో ఎవరూ ఇలాంటి పని చేసి ఉండరు.

ఇంకొకరైతే మమ్మల్ని తిట్టేవారు. ఇంకొకరైతే గోడ మీద కాగితం అంటించేవారు. మా అక్క మెనూయే మార్చింది. కాసేపు ఏదీ నొక్కకపోతే మొదటిది దానంతటది తెరుచుకునే గడువు తీసేసింది, అందరికంటే పైన కొత్తగా ఒక వరస చేర్చింది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో మన మాటే, "ఆగండి, ముందు చూడండి" అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఏ సిస్టమూ తెరుచుకోదు, తిరిగి అదే మెనూ వస్తుంది. మా తొందరంతా ఆ వరస మీద ఖర్చయిపోతుంది, రెండోసారి బుద్ధిగా చూసి నొక్కుతాం. మనుషుల్ని మార్చడం కష్టమని తెలిసి, వాళ్ల పొరపాటుకు కూడా ఒక చోటు కట్టిపెట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. (చప్పట్లు)

తర్వాత ఒకసారి, అక్క సెలవులో ఉండగా, బయటినుంచి వచ్చిన మెకానిక్ కొత్త సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించి వెళ్లాడు. మర్నాడు నేను ఆన్ చేస్తే మెనూ లేదు. పాత సిస్టమ్ లేదు, బాతు లేదు. గది బయట ఒక తల్లి మాటలింకా రాని పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పాపకు చెవి ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది ఆ రోజు పరీక్షతో, అంతకుముందు పరీక్షలతో కలిపి చూసి తేల్చాలి. అవన్నీ పోయాయనుకుని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తల్లి నన్ను చూసి, పాపకే ఏదో అయిందనుకుని బెంబేలెత్తిపోయింది. అక్క ఇంటినుంచి వచ్చింది, చెప్పులు కూడా వేరువేరు జతలవి. తెర వంక చూసి, "ఏమీ పోలేదమ్మా. వీధి మొదట్లో బోర్డు పీకేశారు, ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి" అంది. పెన్‌డ్రైవ్ పెట్టి, ఏవో నాలుగు మాటలు టైపు చేసి, బోర్డు మళ్లీ పాతింది. ఆ పాప ఇప్పుడు బడికి వెళుతోంది, పిలిస్తే పలుకుతోంది. (కళ్లు తుడుచుకుని) క్షమించాలి.

సరే, అసలు విషయానికి వస్తాను. పోయిన నెల సమావేశంలో పెద్ద డాక్టరుగారు ఒక మాటన్నారు. అక్క వెళ్లిపోయాక ఈ మెనూను చూసుకునే మనిషి లేకపోతే, అన్ని కంప్యూటర్లలోనూ ఒకటే సిస్టమ్ పెట్టేద్దాం, కొత్త యంత్రం వచ్చేదాకా పరీక్షలకు పిల్లల్ని పెద్దాసుపత్రికి పంపిద్దాం అన్నారు. సార్, మీరన్నది తప్పని నేను అనను, బాధ్యత మీది. కానీ అక్కడ వరస ఎంత పొడుగుంటుందో మీకూ తెలుసు. పిల్లలకు మాటలు వచ్చే వయసు మన యంత్రం కోసం ఆగదు. ఆ రోజు సమావేశంలో అందరం బల్ల వంక చూస్తూ కూర్చున్నాం. అక్క మాత్రం నా వంక చూసింది.

మర్నాటి నుంచి భోజనాల వేళ స్టోర్ రూములో ఒక పనికిరాని కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టింది. నేర్పడమంటే ఆవిడ చేసి చూపించదండీ. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. "పాతదాన్ని ముందు ఎక్కించు, కొత్తదాన్ని తర్వాత, లినక్స్‌ను ఆఖర్న. ఆఖర్న వచ్చినవాడు అందరి పేర్లూ కనుక్కుని మెనూలో రాసుకుంటాడు" అంది. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను. "అక్కా, అన్నీ పోయాయి" అంటే, "ఏం పోయిందో ముందు చూడు, కంగారు తర్వాత పడుదువుగాని" అంది. ఇంకోసారి నిజంగానే అన్నీ చెరిపేశాను. "మంచిది. ఇప్పుడు శుభ్రంగా ఉంది, మొదలుపెట్టు" అంది. బావగారూ, మీరెలా వేగారో గానీ మీకు చేతులెత్తి మొక్కాలి. (నవ్వులు)

ఇవాళ పొద్దున ఆవిడ ఆఖరి రోజు కదా, ఏవో తీపి కబుర్లు చెబుతుందనుకుని తొందరగా వచ్చాను. "ఇలా రా" అని పరీక్ష గదిలోకి పిలిచి, నా కళ్ల ముందే ఆ కంప్యూటరులోని మెనూను తీసిపారేసింది. "ఇదేంటక్కా, ఇంకాసేపట్లో పిల్లలొస్తారు" అన్నాను. "అందుకే తొందరగా కానివ్వు" అని తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

ముందు ఏముందో ఏం పోయిందో చూశాను. ఇళ్లన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టాను, నాలుగు మాటలూ టైపు చేశాను, ఒకటి తప్పు కొట్టి దిద్దుకున్నాను, ఆపి మళ్లీ ఆన్ చేశాను. తర్వాత తలుపు తీసి చూస్తే వరండాలో ఎవరూ లేరు. అక్క అకౌంట్స్ గదిలో తాళాలు అప్పగిస్తూ, టీ తాగుతూ, తమ్ముడి కూతురి పరీక్షల గురించి అడుగుతోంది. నన్ను చూసింది, కుర్చీ చూపించింది, నాకూ ఓ కప్పు టీ పొయ్యమంది. మెనూ సంగతి ఎత్తలేదు. ఇప్పటిదాకా ఎత్తలేదు.

నాకు కోపం వచ్చింది, నిజమే చెబుతున్నాను. ఇంత కష్టపడితే ఒక్కసారి వచ్చి చూడదా అనుకున్నాను. సాయంత్రానికి గానీ నాకర్థం కాలేదు. ఎవరి పనైనా ఆవిడ వెనక నిలబడి చూసేది అనుమానం ఉన్నప్పుడే.

పెద్ద డాక్టరుగారూ, పాత సిస్టమ్‌ను తీయకండి. చూసుకునే మనిషి ఉంది, నేను చూసుకుంటాను. (డాక్టరుగారు తల ఊపారు) సార్ తల ఊపారు, సభంతా చూసింది, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. (చప్పట్లు)

ఓపిగ్గా విన్న మీ అందరికీ, ఈవిడను ఇన్నాళ్లు మాకు వదిలిన బావగారికి కృతజ్ఞతలు. అక్కా, మెనూ వచ్చింది. వరసలన్నీ ఉన్నాయి. ఇవాళ వచ్చిన పిల్లలందరికీ పరీక్షలయ్యాయి. మీరు అడగలేదు కనక ఇక్కడ చెబుతున్నాను. సెలవు.