మూడోసారి పగిలిన కత్తి

ఆదివారం మధ్యాహ్నం, భోజనాల బల్ల నిండా పాచికలు, కాగితాలు. తలో వేషం వేసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. నడిపేది అక్క, అందులో కమ్మరి వేషం తమ్ముడిది. మిగతా ఆటగాళ్లు విసుగెత్తి బాల్కనీలోకి పోయారు.

“కోట గుమ్మం ముందు డ్రాగన్ మూడు వారాలుగా నిలబడి ఉందిరా. నీ కత్తి ఎప్పటికి తయారవుతుంది?”

“పగిలింది కదక్కా. మళ్లీ మొదటి నుంచి కొట్టాలి.”

“మూడోసారి! ఆట పుస్తకంలో ఏముంది? ఒక్కసారి పాచిక వేస్తే కత్తి చేతికొస్తుంది. నువ్వేమో పదకొండు పేజీల రూల్స్ రాసుకొచ్చి నా ప్రాణం తోడేస్తున్నావు. బొగ్గు ఎన్ని బస్తాలు, కొలిమి తిత్తి ఎవరు ఊదారు... ఎవడికి కావాలిరా ఇవన్నీ?”

“ఎర్రగా కాలిన ఉక్కుని నీళ్లలో ముంచితే ఒక్కోసారి పగులుతుంది. ఎంత పనిమంతుడి చేతిలోనైనా.”

“అయితే ఆ రూలు కొట్టెయ్.”

“కొట్టెయ్యను.”

“ఏం, నువ్వు పనిచేసే వర్క్‌షాపులోనూ ఇంతేనా? పగిలినప్పుడల్లా తీరిగ్గా మళ్లీ మొదలుపెడతావా?”

“అక్కడ మళ్లీ మొదలుపెట్టనివ్వరు.”

“అంటే?”

“పోయిన నెల నా చేతిలో ఒక ఉక్కు పార్టు పగిలింది. ఇక పనికి రావద్దన్నారు.”

“ఒరేయ్... ఇంట్లో చెప్పావా?”

“నీకే చెప్తున్నా.”

“ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదరా! దానికి పదకొండు పేజీలా?”

తమ్ముడు ఆ పదకొండు పేజీలూ దగ్గరికి లాక్కుని సర్దసాగాడు.

“సరే, ఆ పెన్సిలిటివ్వు. డ్రాగన్ ఎక్కడికీ పోదులే. బొగ్గు ఎన్ని బస్తాలు రాసుకోను?”