కదలకు రాజా!

ఆ ఊళ్లో గ్యాసు వేసేదీ ఎలాదియోనే, గ్యాసు కొట్టేదీ ఎలాదియోనే. పొద్దున్నుంచీ నారింజ రంగు సిలిండర్లు భుజానేసుకుని ఇళ్ల మెట్లెక్కుతాడు, మధ్యాహ్నం ఉర్బానో బారులో చేరి మాటల్ని మేడలెక్కిస్తాడు. ఆవేళ మాత్రం మాటలతో నిజంగానే పని పడింది. ఆగస్టు పండగ మొదలయ్యే రోజు మునిసిపాలిటీ బాల్కనీలో నిలబడి ఊరందరికీ నాలుగు మాటలు చెప్పే పెద్దమనిషి ఎవరో ఆ పూట తేలాలి. తేల్చేది పండగ కమిటీ పెద్ద కసీల్దమ్మ. ఆవిడ కౌంటరు చివర ఎత్తు స్టూలు మీద కూచుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ పొట్టు నేలమీదికి ఊస్తోంది. పోయినేడు మాట్లాడిన పళ్ల డాక్టరు ఈ ఏడూ నేనే అంటున్నాడు. ఎలాదియోకేమో ఆ బాల్కనీ అంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి. సిలిండరు మోసుకుంటూ దాని కిందనుంచి పోయినప్పుడల్లా ఓసారి తలెత్తి చూడందే అడుగు ముందుకు పడదు.

"బాల్కనీ ఎక్కాలంటే ఏదో ఒకటి సాధించి ఉండాలి. నువ్వేం సాధించావురా?" అంది కసీల్దమ్మ.

"నా బొమ్మ మాడ్రిడ్‌లో గ్యాలరీ గోడకెక్కింది. చాలదా?"

ఉర్బానో గ్లాసు తుడవడం ఆపాడు. "నీ బొమ్మా? ఎవరేశారు?"

"ఇంకెవరు, మన బెగోన్యా! చేపలమ్మే సాగ్రారియో కూతురు. పాతకాలం రాజులూ రాణుల బొమ్మలున్నాయి కదా, వాటి పద్ధతిలో ఇప్పటివాళ్లని కూచోబెట్టి వేస్తుంది. ఆ పిల్ల ఇంటికి సిలిండరు పట్టుకెళ్లా. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. దించి, చెమట తుడుచుకుంటున్నానా, ఆ పిల్ల తలుపు దగ్గరే ఆగిపోయి, కళ్లు ఇంతింత చేసుకుని, 'కదలకు రాజా!' అంది. విన్నావా కసీల్దమ్మా? రాజా అంది! ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో అందరూ నా భుజమ్మీది బరువు చూశారు గానీ, నాలో రాజుని చూసినవాళ్లు లేరు."

"కానీయ్," అంది కసీల్దమ్మ.

"నన్ను తీసుకెళ్లి కిటికీ పక్కన నిలబెట్టింది, వెలుగు నా మీద పడాలని. సిలిండరుని ఎర్ర ముఖమల్ కుర్చీలో పెట్టింది."

"నిన్ను నిలబెట్టి దాన్ని కూచోబెట్టిందా?"

"రాజన్నవాడు నిలబడితేనే అందం ఉర్బానో, నీకు తెలీదు. ఇక మెడకి కాలరు! పాతకాలం దొరలు వేసుకునేవాళ్లే, తలకాయని పళ్లెంలో పెట్టి వడ్డించినట్టుండే మడతల కాలరు, అది. ముందు సిలిండరు మెడకి చుట్టి కొలత చూసింది. దాని మెడా నా మెడా ఒకటే లావు మరి. ఏం లేసు అనుకున్నావు? బెల్జియంలో సన్యాసినులు ముగ్గురు ఒక్క కాలరు అల్లడానికి కళ్లు పోగొట్టుకున్నారట."

"అది సరేగానీ, ఆ పిల్ల ఓసారొచ్చి నా దగ్గర కాగితం రుమాళ్లు కట్టలకి కట్టలు పట్టుకెళ్లింది. జలుబేమో అనుకున్నా," అన్నాడు ఉర్బానో.

"మధ్యలో నీ జలుబేంటయ్యా! పొద్దున నిలబడ్డవాణ్ణి చీకటి పడేదాకా రెప్ప వెయ్యలేదు. పావురాలు కిటికీలోంచి వచ్చి నా భుజాలమీద వాలాయి, విగ్రహం అనుకుని. ఒకటి గుడ్డు కూడా పెట్టింది. అయినా కదల్లేదు. రాజునయ్యాక కదుల్తానా?"

"ఇంతకీ బొమ్మ ఎలా ఉంది? చూశావా?" ఉర్బానో కౌంటరు మీదికి వంగాడు.

ఎలాదియో బీరు గుక్క మింగాడు. మాడ్రిడ్ బస్సెక్కి అతనికి పదేళ్లు దాటింది. ఆ బొమ్మ ఎలా వచ్చిందో చూడాలని అతనికే ప్రాణం కొట్టుకుంటోంది. అయినా నోరు ఆగితేగా.

"చూడకపోవడమేంటి! మొదటిరోజే వెళ్లా. గుమ్మంలో కాపలావాడు నన్ను చూసి, బొమ్మని చూసి, ఎవరికి సెల్యూట్ కొట్టాలో తెలీక ఇద్దరికీ కొట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క వీధిలో పాత రాజుల బొమ్మలుండే పెద్ద మ్యూజియం లేదూ, అందులో పొడుగు గడ్డం రాజొకాయన గుర్రమ్మీద ఉంటాడు. ఆయనకి కబురు తెలిసి కుళ్లుకున్నాడు. గుర్రంతో సహా చట్రంలోంచి దిగి, వీధి దాటి, నా ముందుకొచ్చి, 'ఎవడ్రా నా తర్వాత రాజు?' అన్నాడు."

"సిగ్నల్ దగ్గర ఆగాడా?" అంది కసీల్దమ్మ.

"ఆగలేదు, అందుకే గుర్రానికి చలానా రాశారు! నేనేమన్నానంటే, 'అయ్యా, ఒక్కపూట మీరు నా సిలిండరు మొయ్యండి, నేను మీ చట్రంలో కూచుంటా' అన్నా. సరే అన్నాడు. మొదటి అంతస్తులో కత్తి పారేశాడు. రెండోదాన్లో కవచం విప్పేశాడు. మూడో అంతస్తులో 'అమ్మా' అన్నాడు. నాలుగోదాన్లో నా కాళ్లమీద పడి, 'సగం రాజ్యం రాసిస్తా, నా బొమ్మలోకి నన్ను పోనీ' అన్నాడు. నాకెందుకయ్యా రాజ్యం, పండగ రోజు చిన్న బాల్కనీ చాలన్నా!"

అలా అంటూ కసీల్దమ్మ వైపు ఓరగా చూశాడు. ఆవిడ గింజ కొరికింది.

"ఇంకా వినండి. ఆ బొమ్మకి ప్రాణం ఎంతుందంటే మీసం పెరుగుతోంది! శనివారం శనివారం మంగలొచ్చి కత్తిరించి పోవాల్సిందే. లేకపోతే పక్క బొమ్మలోకి పాకేస్తుంది."

"ఏ మీసంరా?"

"నాదే! ఇంకెవరిది?"

కసీల్దమ్మ ఒళ్లోని పొట్టు దులుపుకుంది. "మొన్న మా చెల్లెల్ని చూడ్డానికి మాడ్రిడ్ వెళ్లి, ఆ గ్యాలరీలోకీ తొంగిచూశాను. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. ఎర్ర ముఖమల్ కుర్చీ. కుర్చీలో సిలిండరు. సిలిండరు మెడకి మడతల కాలరు. కాలరు మడతల్లో 'మీ రాకకు ధన్యవాదాలు' అని రాసుంది."

"నా రుమాళ్లు!" అని అరిచాడు ఉర్బానో.

"కింద రేకుమీద పేరు: 'రాజుగారు, పన్నెండున్నర కిలోలు'. ఒరేయ్ ఎలాదియో, సాగ్రారియో కొట్లో కొనేవాణ్ణీ రాజా అంటుంది, కోసే చేపనీ రాజా అంటుంది. కూతురికీ అదే నోరు. కదలకు అన్నది నిన్ను కాదు, సిలిండర్ని."

బారంతా ఒక్కసారి గొల్లుమంది. ఎలాదియో మాత్రం నవ్వలేదు. గ్లాసు అడుగున నురగ చూస్తూ, అతని నోట ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగాడు.

"నేను... ఎక్కడా లేనా?"

కసీల్దమ్మ ఇంకో గింజ కొరికి, తాపీగా నమిలి చెప్పింది. "ఉన్నావు. సిలిండరు నెత్తిన, తిప్పి గ్యాసు కట్టేసే ఇత్తడి ముక్కు మెరుస్తుంది చూడు, అందులో కిటికీ, కిటికీ పక్కన ఓ మీసాలాయన. శనగ గింజంత. చెమట కూడా వదలకుండా వేసింది. వచ్చినవాళ్లంతా దాన్ని వెతుక్కుని, నడుం వంచి మరీ చూస్తున్నారు. నేనూ కళ్లజోడు తుడుచుకుని వంగాను."

ఎలాదియో వెన్ను మెల్లగా నిటారయింది. "వంగారా? అందరూ? నా ముందు నడుం వంచారంటే నేను..."

"ఆగు! బాల్కనీ నీకే ఇస్తున్నా. కానీ ప్రసంగం కూడా శనగ గింజంతే ఉండాలి. గ్యాసు ఎక్కువైందో, జనం చూస్తున్నారని కూడా చూడను, వెనకనుంచి వచ్చి ముక్కు తిప్పేస్తా!"