పసుపన్నం కొన

రెంగ్గనిస్ నటిగా, గాయనిగా ముప్పై ఏళ్లు పూర్తి చేసుకున్న సందర్భంగా జకార్తాలోని ఒక టీవీ స్టూడియోలో ఆదివారం మధ్యాహ్నం జరుగుతున్న సన్మానం సగం ముగిసింది. విరామం పదిహేను నిమిషాలు. మేకప్ గదిలో ఆమె, ఆమె తల్లి కుస్మియాతి, కొప్పులు ముడిచే పార్సియెమ్ మాత్రమే ఉన్నారు.

"తలుపెయ్యి. ముందు ఆ తలుపెయ్యవే పార్సియెమ్! పళ్లెం పట్టుకుని ఊరేగుతున్నావా?"

"లేదండమ్మగారూ, ఎక్కడ పెట్టాలో తెలీక. నేను ముట్టుకోనైనా లేదండీ. కావాలంటే మీరే—"

"నీ చేతిలో పడ్డ అన్నం నేను తినాలా? ఏమే రెంగ్గనిస్, అద్దంలో ఏం చూస్తున్నావ్? ఇటు తిరుగు."

"కొప్పు వదులైందమ్మా. పిన్నీ, కాస్త బిగించు."

"పిన్నట, పిన్ని! అది నీకు ఏ వైపు చుట్టం? తుంపెంగ్ కోస్తే, ఆ పసుపన్నం గోపురం కొన ఎవరికి పెడతారే? బళ్లో పిల్లనడిగినా చెబుతుంది, ఎవరివల్ల ఇంతదాన్నయ్యానో వాళ్లకి అని. నువ్వేమో దేశమంతా చూస్తుండగా తీసుకెళ్లి సవరాలు దువ్వేదానికి పెట్టావు. ముందు వరసలో కొత్త కెబాయా తొడుక్కుని నేను దిష్టిబొమ్మలా కూచున్నాను!"

"అయిపోయిందిగా. వదిలెయ్యమ్మా."

"వదిలెయ్యాలా? దీపాలు వెలిగేసరికి కెమెరాలన్నీ ఈ ముసల్దాని మొహం మీద. పైగా ఏడుపొకటి! నిర్మాతగారి భార్య నావైపు వంగి, 'మీ అమ్మాయిది వెన్నలాంటి మనసండీ' అంది. దానర్థం నాకు తెలీదనుకున్నావా?"

"మంచిమాటేగా అంది."

"వెటకారమా? తొమ్మిదేళ్ల పిల్లవి, గారుత్ నుంచి బస్సులో ఒళ్లో కూచోబెట్టుకుని ఈ ఊరు తెచ్చిందెవరు? పిల్లల పాటల క్యాసెట్టు వేయించిందెవరు?"

"నువ్వే."

"పదిహేనేళ్లకే సినిమాల్లో—"

"దెయ్యాన్నయ్యాను. జుట్టు విరబోసుకుని అరటితోటలో నవ్వాను. ఏడు సినిమాలు, ఏడింటికీ అదే అరటితోట, అదే నవ్వు. చివరికి అరటిచెట్లకే విసుగొచ్చి ఉంటుంది."

"ఆ నవ్వే మనకి ఇల్లు కట్టింది. ఆ తర్వాత సీరియలు. ఎనిమిది వందల ఎపిసోడ్లు! ఎవత్తెకి దక్కింది?"

"పొద్దున ఏడిస్తే సాయంత్రానికి ప్రసారం. అత్తగారు తోసినప్పుడల్లా మెట్ల మీంచి పడ్డాను. పద్దెనిమిది సార్లు. ఒక్కసారి కూడా మెడ విరగలేదు."

"నాలిక బాగా పొడుగైంది. మీ నాన్నలాగా ఆ కెచాపి ముందేసుకుని, పెళ్లిపందిట్లో ఓ మూల కూచుని తీగలు మీటుకుంటూ ఉంటే నిన్నెవడు చూసేవాడే?"

"ఎవరూ చూసేవాళ్లు కాదు. వినేవాళ్లు."

"వినేవాళ్లా! పలావు మీద పడ్డవాళ్లకి వాయిద్యం వినిపిస్తుందా? ఆ చెక్కపెట్టె నేను అమ్మేశాను కాబట్టి నీ చేతులు ఖాళీ అయ్యాయి. చేతులు ఖాళీ అయ్యాయి కాబట్టి మైకు పట్టుకున్నావు. మైకు పట్టుకున్నావు కాబట్టి ఇవాళ నీకు తుంపెంగ్ పెట్టారు. ఇందులో ఒక్క మెట్టు తీసెయ్, ఎక్కడుంటావు?"

"మైకు పట్టుకుని రికార్డుకి పెదవులాడించాను. సురబయాలో ఓసారి రికార్డు మధ్యలో ఆగిపోయింది, గుర్తుందా? నా నోరు మాత్రం ఆగలేదు. ఒడ్డున పడ్డ చేపలాగా."

"జనం చప్పట్లు కొట్టారు!"

"కొట్టారు. నాకు సిగ్గేసింది అందుకే."

"సిగ్గు! సిగ్గుతో కూడొస్తుందా? సరే, ఇంకా తొమ్మిది నిమిషాలుంది, విను. స్టేజీ ఎక్కగానే ముందు నవ్వు. చీకట్లో పొరపాటైపోయింది, అమ్మకని తెస్తున్న పళ్లేనికి పార్సియెమ్ చెయ్యి చాపిందని చెప్పు. సరదాగా చెప్పు. తర్వాత రెండో ముద్ద తెచ్చి నాకు పెట్టి, నా మోకాళ్ల మీద తల ఆనించు. వయొలిన్ వాళ్లకి అప్పుడే చెప్పేశాను."

"పిన్ని చెయ్యి చాపలేదు."

"ఎవరు చూడొచ్చారు? పళ్లెం చేతికి అందేదాకా దీపాలు వెయ్యొద్దన్నది నువ్వేగా, అందర్నీ ఆశ్చర్యపరుస్తానని? మహా ఆశ్చర్యపరిచావులే! పార్సియెమ్, నీ పెట్టె సర్దుకో. రేపట్నుంచి రానక్కర్లేదు."

"అమ్మగారూ... ఇరవయ్యారేళ్లయిందండీ. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

"మంచి దెయ్యాలు చాలా ఉన్నాయి ఈ ఊళ్లో. వాటి చిక్కులు తియ్యి. ఆ దువ్వెన మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లు, అది మాది."

"పిన్ని ఎక్కడికీ వెళ్లదు."

"ఓహో! అయితే చెప్పు. ఏం చూసిచ్చావు దానికి? పాలిచ్చిందా? పాట నేర్పిందా? నిలబడి పిన్నులు గుచ్చింది, అంతేగా? చెప్పవేం?"

"చెప్పకూడదనుకున్నానమ్మా."

"అమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను, అడక్కండి. నేనే పోతాను. మీ కుర్చీ వెనకాలే నిలబడ్డానండీ నేను, నాకు వినబడి—"

"మధ్యలో నువ్వు నోరెత్తకు! చెప్పవే. కారణం చెబితే దాన్ని ఉండనిస్తాను. చెప్పలేకపోతే ఇప్పుడే పంపిస్తాను."

"నేను ముందు నీ దగ్గరికే వచ్చాను."

"అబద్ధం."

"చీకట్లో నీ మోకాళ్ల దగ్గర కూర్చుని పళ్లెం నీ చేతికి ఆనించాను. నువ్వు ఫోనులో ఉన్నావు. వచ్చే సీరియల్లో నన్ను ఎన్ని ఎపిసోడ్లు ఏడిపించాలో బేరమాడుతున్నావు. తలెత్తలేదు. వడ్డించే పిల్లననుకున్నావు."

"ఎవరో... ఎవరో పిల్ల వచ్చిన మాట నిజమే. వద్దన్నాను. అంతే అన్నాను!"

"అంతే కాదమ్మా. 'నాకెందుకే ఈ అన్నం, ఆ సవరాల ముసల్దానికి పెట్టు' అన్నావు. ముప్పై ఏళ్లుగా నువ్వు చెప్పిందే చేస్తున్నాను. ఇవాళా అదే చేశాను."