సముద్రం తాగిన గుంట

వాన పట్టుకుంది. టీ కొట్టులో ఉన్నవాళ్లెవరూ కదల్లేని పరిస్థితి. మా తాపీ మేస్త్రీకి అంతకంటే ఏం కావాలి?

కొట్టు వాళ్ల వదినది. పక్కనే నా టైలర్ షాపు. మూడో మనిషి మా వీధి సంఘం ప్రెసిడెంటు గారు. వెనక వీధిలో వాన నీళ్లు నిలవకుండా గుంటలు తవ్వించే పని ఎవరికివ్వాలో ఆయన ఇవాళే తేల్చేయాలి. మేస్త్రీకి ఆ పని కావాలి. పొద్దుట్నుంచీ ఆయన వెనకే తిరుగుతున్నాడు. ఇప్పుడు మనిషి దొరికాడు, బయట వాన, చేతిలో వేడి టీ. ఇక పారిపోయే దారి లేదు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు ప్రెసిడెంటు గారూ, మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా." ఆయన ఏమీ అడగలేదు. "అదిగో, ఎదురుగా మలుపులో గుంట చూశారా? నేను తవ్విందే. పెద్ద పనేం కాదు. నడుం లోతు తవ్వి, అడుగున కంకర పోసి, దాని మీద ఇసుక, ఆ పైన మట్టి, మట్టిలో మొక్కలు. రోడ్డు మీద నీళ్లు అందులోకి దిగి మెల్లగా భూమిలోకి ఇంకిపోతాయి. ఎవరైనా చేస్తారు. కాకపోతే వేరేవాళ్ల గుంటకీ నా గుంటకీ ఒక్కటే తేడా. నాది తాగడం మొదలుపెడితే ఆగదు."

"ఆగకపోవడమేంటి?" అన్నాడు ప్రెసిడెంటు.

"అదే చెప్తున్నా. మొదటి వానకి మన వీధి నీళ్లన్నీ ఒక్క గుక్కలో లాగేసింది. గుటకలు వేసే చప్పుడు నా చెవులతో విన్నా. సరే, కడుపు నిండింది కదా అని ఇంటికెళ్లబోతున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క వీధి నీళ్లు మలుపు తిరిగి, అడ్రసు కనుక్కుంటూ వచ్చేశాయి! వాటి వెనక మార్కెట్టు నీళ్లు, వాటి వెనక బస్టాండు నీళ్లు. తోసుకోకండమ్మా, అందరికీ చోటుందీ అని నేనే వరుసలో నిలబెట్టా. ఆఖరికి మురుగు కాలవల ఆఫీసు వాళ్లు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. మేస్త్రీ, మా కాలవల్లో చుక్క లేదు, దోమలన్నీ పిల్లాపాపలతో వలస పోతున్నాయి, ఇక మా ఉద్యోగాలుంటాయా అని ఒకటే ఏడుపు."

నేను కాళ్లు బల్ల మీదికి ముడుచుకున్నాను. గుమ్మం దాటి నీళ్లు లోపలికొస్తున్నాయి. వదిన పంచదార డబ్బా తీసి పై అరలో పెట్టింది. వెతుక్కోకుండా, చూడకుండా పెట్టింది. అలవాటైన చెయ్యి.

"మరి తాగిన నీళ్లన్నీ ఏమయ్యాయి?" అని నేనే అడిగాను. నాదే తప్పు.

"అద్గదీ ప్రశ్నంటే! మా ఇంటి వెనక బోరుంది బావా. అది ఎప్పుడు ఎండిపోయిందో మా అన్నయ్యకే గుర్తులేదు. గుంట తాగిందంతా భూమిలోంచి పాకుతూ పోయి ఆ బోర్లో చేరి, ఇనప మూతని పైకి ఎగరేసింది చూడూ, ఆ మూత ఇంకా కిందికి రాలేదు. మా వదినే సాక్ష్యం."

వదిన స్టవ్వు ఎత్తి ఎత్తు బల్ల మీద పెట్టుకుంటోంది. సాక్ష్యం చెప్పలేదు.

"అక్కడితో అయితే నేనసలు చెప్పేవాణ్ణే కాదు. ఈ సంగతి మబ్బులకి తెలిసిపోయింది. ఓ నల్ల మబ్బు మన వీధి మీదికొచ్చి, కిందికి తొంగి చూసి, గుండె జారిపోయి వెనక్కి తిరిగింది. గుంట ఊరుకుంటుందా? కొంగు పట్టుకుని లాగింది. మేడల దాకా దిగిపోయింది మబ్బు! ఆడాళ్లు దాని మీద దుప్పట్లు ఆరేసుకున్నారు."

"మబ్బు గుడ్డ ఎలా ఉంది?" అన్నాను.

"పలచటి మల్లు బావా. చేతిలో నిలవదు. నువ్వు కుట్టలేవు."

ఈలోగా ప్రెసిడెంటు గారి చెప్పు ఒకటి తేలుకుంటూ బల్ల కిందినుంచి బయల్దేరింది. ఆయన వంగి దాన్ని పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"మేస్త్రీ, మరి ఈ నీళ్లేంటయ్యా?"

"ఇవా? ఇవి వరుసలో ఉన్నాయండీ. గుంట పని మీదుంది, తీరిక దొరగ్గానే పిలుస్తుంది. అసలు సంగతి వినండి. ఓ రోజు హార్బరు నుంచి ఫోను. మేస్త్రీ గారూ, సముద్రం వెనక్కెళ్లిపోయింది, పడవలన్నీ ఇసకలో కూలబడ్డాయి, చేపలు నడుచుకుంటూ బజారుకొచ్చి తూకానికి కూర్చుంటున్నాయి, మీ గుంటని కాస్త ఆపండి బాబూ అని."

"వాళ్లకి నీ నంబరెవరిచ్చారు?"

"సముద్రమే ఇచ్చుంటుంది. దానికి మాత్రం వేరే దిక్కెవరున్నారు? పరిగెత్తుకెళ్లా. గుంట పక్కన కూర్చుని, పసిపిల్లని జోకొట్టినట్టు తాపీతో మెల్లగా తట్టా. తట్టగా తట్టగా ఓ త్రేన్పు త్రేన్చింది. ఆ త్రేన్పుకి ఊళ్లో గొడుగులన్నీ తిరగబడ్డాయి. సముద్రం లెంపలేసుకుని తిరిగెళ్లిపోయింది."

ప్రెసిడెంటు గారు నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. మనిషి మెత్తబడ్డాడని మేస్త్రీకీ తెలిసింది, నాకూ తెలిసింది. ఇంకొక్క మాటతో పని చేతికొచ్చేస్తుంది.

"బాగానే ఉంది గానీ," అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ, "నడుం లోతు గుంట వీధిలో పెడితే పిల్లలు పడిపోరూ?"

అప్పుడు మేస్త్రీ గొంతు మారింది. గొప్పల గొంతు కాదు, పనివాడి గొంతు.

"ఎలా పడతారండీ? చుట్టూ గట్టు కట్టాను చూడండి. నూలుతాడు పట్టి, రసమట్టం పెట్టి, ఇటుకా ఇటుకా చేత్తో తడిమి కట్టా. ఎక్కడా అతుకు కనపడదు, ఎక్కడా సందుండదు. చీమ కూడా దూరలేదు. అంత నున్నటి గట్టు ఈ చుట్టుపక్కల చూపించండి, నేను తాపీ కింద పెట్టేస్తా."

అంతసేపూ చెప్పినవన్నీ కోతలే. ఈ ఒక్కటీ అక్షరాలా నిజం.

నీళ్లు బయటికి తోస్తున్న వదిన చీపురు పక్కన పెట్టింది.

"చీమే దూరకపోతే నీళ్లెలా దూరతాయి మరిదిగారూ?"

అందరం ఒక్కసారి మలుపు వైపు చూశాం. వీధి నీళ్లన్నీ బుద్ధిగా గుంట దాకా వస్తున్నాయి. గట్టుకి తగులుతున్నాయి. దాని వెంబడే నున్నగా జారుకుంటూ వచ్చి, నేరుగా మా కొట్లలోకి మలుపు తిరుగుతున్నాయి.

"ఆ గట్టు కట్టిన దగ్గర్నుంచీ ప్రతి వానకీ ఇదే భాగోతం," అంది వదిన. "ఎండాకాలమంతా ఆ మొక్కలు వడిలిపోతుంటే గ్లాసులు కడిగిన నీళ్లు మోసుకెళ్లి పోసిందాన్ని నేను. నీ గుంట సముద్రం తాగిందో లేదో నాకు తెలీదు. నా ఎంగిలి గ్లాసుల నీళ్లు తాగింది, అది మాత్రం నాకు బాగా తెలుసు."

"సందులు వదలమనే చెప్పాడు ఇంజనీరు," అన్నాడు మేస్త్రీ నీరసంగా. "సందులుంటే పని చేతకానివాడు కట్టాడనుకుంటారు వదినా."

ప్రెసిడెంటు గారు తడిసిన చెప్పు తొడుక్కుంటున్నాడు. ముఖంలో నవ్వు లేదు. "వెనక వీధి సంగతి ఇంకెవరితోనైనా మాట్లాడతాను," అన్నాడు. మేస్త్రీ ముఖం చూడలేకపోయాను. ఎన్ని కోతలు కోసినా మనవాడే కదా, పాపం అనిపించింది.

వదిన మూలనున్న గునపం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

వానలోకి దిగాడు. గట్టు ముందు నిలబడ్డాడు. కొట్టడానికి చెయ్యి రాలేదు, ముందు అరచేత్తో ఓసారి నిమిరాడు. తర్వాత, మీరు నమ్మరు గానీ, ఆ వానలోనే జేబులోంచి నూలుతాడు తీసి, ఎక్కడ పగలగొట్టాలో కొలిచి, గీత గీసి మరీ కొట్టాడు. నాలుగు ఇటుకలు ఊడొచ్చాయి. నీళ్లు ఒక్క క్షణం ఆగి, గిర్రున తిరిగి, గుడగుడమంటూ లోపలికి దూకాయి. కాసేపటికి టీ కొట్టులో నేల కనపడింది.

ప్రెసిడెంటు గారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. "సరే, రేపు పొద్దున వెనక వీధికి రా," అన్నాడు చివరికి. "సందులు వదిలి కట్టాలి సుమా."

మేస్త్రీ నిలువునా తడిసి, వెలిగిపోతున్న ముఖంతో లోపలికొచ్చాడు. గునపం ఇంకా చేతిలోనే ఉంది.

"చూశారా ఎలా తాగిందో? చెప్తే నవ్వారే! ఇదింకా పూర్తిగా నిద్ర లేవలేదు, లేచిందంటే ఆ సముద్రం మళ్లీ..."

"మరిదిగారూ," అంది వదిన, వేడి టీ అతని చేతికిస్తూ, "అంత నున్నటి గట్టు దానికి కాదు, నీ నోటికి కట్టాల్సింది."