బావగారు మార్చిన గేరు నూనె

వాన వెలిసింది. చూరు నుంచి చుక్కలు ఇంకా ఒక్కొక్కటే రాలుతున్నాయి. వరండాలో బావగారు గొంతు సవరించుకున్నారు. ఇవాళ కోతలు మొదలయ్యాయని వంటింట్లో ఉన్న ఆయన భార్యకి తెలిసిపోయింది. వీధిలో అందరికీ ఆయన బావగారు, ఆవిడ అక్కయ్యగారు.

ఆవిడ టీ గ్లాసులు తెచ్చి గుమ్మంలో ఆగింది. ఎదురింటి దర్జీ, పక్కింటి లెక్కల మాస్టారు కుర్చీల్లో సర్దుకున్నారు. బావగారు ఒక పెద్ద డబ్బా మీద దిండు వేసుకుని రాజాలా కూర్చున్నారు. వెనకాల షెడ్డులో కారు నిండా ముసుగు కప్పుకుని ఉంది.

ఆ ముసుగు చూస్తే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. తన పెద్దక్క కాలు విరిగి మంచాన పడింది, రోజూ ఫోన్ చేసి "ఎప్పుడొస్తావే?" అని అడుగుతోంది. బస్సులో పోయొస్తానంటే ఈయన వినరు. "ఇంట్లో కారుండగా బస్సేమిటి? గేరు నూనె మార్చేసి నేనే తీసుకెళ్తా" అన్నారు. ఆ మాట అని వారం దాటింది.

"చిన్న పనేనయ్యా," అంటున్నారు బావగారు. "మనది ఆటోమేటిక్ గేరు కదా, గేర్లు వాటంతటవే మారాలంటే లోపల నూనె శుభ్రంగా ఉండాలి. మెకానిక్కు ఎందుకు, దండగ! కారు కిందకి దూరాను, బోల్టు విప్పాను, బేసిను పెట్టాను, అంతే."

"అంతేనా?" అన్నాడు దర్జీ నిరాశగా.

"అంతే అయితే నీకెందుకు చెప్తాను? బేసిను నిండింది, నూనె ఆగలేదు. బకెట్టు పెట్టాను, నిండింది. నీళ్ళ డ్రమ్ము దొర్లించుకొచ్చాను, అదీ నిండింది, ఇంకా వస్తూనే ఉంది, సన్నగా, మెల్లగా, నిద్రలో మాట్లాడుతున్నట్టు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నూనె తేరుకున్నాక డ్రమ్ములోకి తొంగి చూశాను. లోపల దారులయ్యా! మా కారు ఇన్నేళ్ళూ తిరిగిన దారులన్నీ అందులో కదులుతున్నాయి. మీ అక్కయ్య మొదటిసారి ముందు సీట్లో కూర్చుని, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయిన మలుపు కూడా ఉంది."

గుమ్మంలో ఆవిడ చేతుల్లో టీ చల్లారిపోతోంది. ఆ మలుపు ఆవిడకీ గుర్తే. ఈ మనిషి బండెడు అబద్ధాల్లో ఇలాంటి నిజం ఒకటి ఎక్కడో కలిపేస్తారు. అందుకే ఆవిడ కోపం ఎప్పుడూ పూట దాటి నిలవదు.

"మరి కొత్త నూనె ఎక్కడ పోస్తారు బావగారూ?" అడిగారు మాస్టారు.

"ఎక్కడ పోయాలో అక్కడే! మీరు మధ్యలో లెక్కలు అడక్కండి. పోశాను, మీ అక్కయ్యని ఎక్కించుకున్నాను, బానెట్టు మీద నిండు టీ గ్లాసు పెట్టుకుని బయల్దేరాను. చుక్క తొణికితే ఒట్టు! గేరు మారిన సంగతి కారుకే తెలియలేదు. మూడు, నాలుగు, ఐదు, ఆరు... అలా పోగా పోగా అంకెలు అయిపోయాయి."

"అంకెలు అయిపోవడమేమిటండీ?" మాస్టారు కంగారుపడ్డారు.

"అయిపోయాయి మాస్టారూ, నేనేం చెయ్యను! అప్పుడు చక్రాలు రోడ్డుని వదిలేశాయి. చుట్టూ మబ్బులు, తడి తడిగా, కిటికీలోంచి చెయ్యి పెడితే వేళ్ళకి అంటుకుంటున్నాయి. కింద ఊళ్ళలో దీపాలు మిణుకు మిణుకుమంటున్నాయి. ఎంత మెత్తగా పోయామంటే, మేం బయల్దేరకముందే చేరిపోయాం! పెద్దక్క విరిగిన కాలి మీదే లేచి గుమ్మంలోకి వచ్చేసింది. 'వచ్చావటే!' అని చెల్లెలి చెయ్యి పట్టుకుంది."

ఒక్క క్షణం ఆవిడ నిజంగానే ఆ గుమ్మంలో ఉంది. అక్క అరచేతి వెచ్చదనం తన చేతికి తగిలింది. అంతలో పైకప్పు సందులోంచి వాన చుక్క ఒకటి మెడ మీద పడింది. ఉన్నది ఇక్కడే, ఈ వరండాలోనే. ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నిజమేనా అక్కయ్యగారూ?" అన్నాడు దర్జీ, నోరు తెరిచి.

ఆవిడ గ్లాసులు కింద పెట్టింది. "ఏమండీ, ఒక్కసారి లేవండి."

ఆయన లేచారు. ఆవిడ దిండు తీసేసింది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో గేరు నూనె అని రాసి ఉంది. మూత మీది సీలు చెక్కు చెదరలేదు.

"పాత నూనె తీసిన మాట నిజమే. కొత్తదాని మీద మాత్రం వారం రోజులుగా కూర్చుంటున్నారు," అంది.

మాస్టారు దగ్గు తెచ్చుకున్నారు. బావగారు తల గోక్కుని, "సీలు తీయకుండా పోయడమే కదా నా గొప్ప..." అన్నారు.

"అయితే ఇంకేం, పదండి. మీ కథలో మా అక్క విరిగిన కాలి మీద నిలబడి ఉంది. పాపం, ఎంతసేపు నిలబెడతారు?"

ఆవిడ లోపలికి వెళ్ళింది. వారం క్రితమే సర్దిపెట్టుకున్న సంచీతో వచ్చింది. కారు మీది ముసుగు లాగేసి, ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా దారి ఉన్నట్టే చూస్తోంది.

బావగారు డబ్బా ఎత్తుకుని కారు దగ్గరికి నడిచారు. బానెట్టు ఎత్తారు. లోపలి గొట్టాలూ మూతలూ చాలాసేపు చూశారు. ఆఖరికి దర్జీని దగ్గరికి పిలిచి, అద్దం అవతల ఆవిడకి వినబడకుండా గొంతు తగ్గించారు.

"ఏమయ్యా, ఇది ఎక్కడ పోస్తారంటావ్?"