ఎవరూ వేటాడని గడి

2006 మార్చి, అమెరికా తూర్పు తీరంలోని గ్లాస్టర్ రేవు. సాయంత్రం నాలుగున్నర. వంటింటి బల్ల మీద ఏడు వందల పేజీల ప్రభుత్వ నివేదిక. దానికి ఇటు బోటు యజమాని సరో, అటు పెళ్ళై నలభై ఒక్క రోజులైన అతని కోడలు నిన్ఫా.

"మళ్ళీ చదువు."

"ఇది మూడోసారి, మావయ్యా."

"నాలుగోసారి కూడా చదువుతావు. వాడు రాసింది నా చెవులకింకా ఎక్కట్లేదు."

"'గ్యాస్ ఓడలు వచ్చి ఆగే తేలుడు బోయాలను సముద్రపు పటంలోని నలభై ఏడో గడిలో దించాలని ప్రతిపాదన. ఆ గడిలో వేట దాదాపు లేదు. కాబట్టి ఈ టెర్మినల్‌కు లైసెన్సు ఇస్తే మత్స్యకారులకు చెప్పుకోదగ్గ నష్టం ఉండదు.'"

"చెప్పుకోదగ్గ నష్టం ఉండదట. ఇరవై రెండేళ్ళ నుంచీ ఆ గడిలోనే వల దించుతున్నాను నేను. ఈ ఇల్లు, ఈ బల్ల, మొన్న మీ పెళ్ళిలో మూడొందల మంది తిన్న తిండి, అన్నీ అందులోంచి పైకి లాగినవే."

"పెళ్ళి అంటే గుర్తొచ్చింది. అత్తిపండు బిస్కెట్లు ఇంకా ఉన్నాయి, పెట్టనా? డబ్బా మూత తీస్తే చాలు, వంటిల్లంతా పెళ్ళి వాసనే."

"నలభై రోజుల నాటి బిస్కెట్లా?"

"నలభై ఒకటి."

"లెక్కపెట్టుకుంటున్నావా? సరే, పెట్టుకో. నాకు మాత్రం కాఫీ పొయ్యి. వాళ్ళు బోయాలు దించారంటే ఇక చుట్టుపక్కలకి మనల్ని రానివ్వరు. ఓడ ఉన్నా రానివ్వరు, లేకపోయినా రానివ్వరు. ఆ గడి పోతే మన బోటు 'లేడీ గ్రాజియా'ని ఒడ్డుకి లాగి పూలకుండీ చేసుకోవడమే."

"అందుకే కదా ఇవాళ్టి సభ. హైస్కూల్లో, ఏడింటికి. ఇదే ఆఖరిది. దీని తర్వాత గవర్నరుకి నలభై అయిదు రోజులు టైమిస్తారు. ఆయన వద్దంటే లైసెన్సు ఆగిపోతుంది. మాట్లాడేవాళ్ళు పేరు కార్డు మీద రాసివ్వాలి. మనిషికి మూడు నిమిషాలు. ఇదిగో కార్డు."

"రెండున్నాయేం?"

"ఒకటి పాడైతే ఉంటుందని. చెప్పండి, ఎలా మొదలుపెడతారు?"

"నా పేరు సరో. నా బోటు లేడీ గ్రాజియా. మీరంతా ఒట్టి..."

"తిట్లు వద్దు, మావయ్యా."

"తిట్లు లేకుండా మూడు నిమిషాలు నాకెందుకే? ఒక్కటి చెప్పు. అక్కడ ఎవరూ వేటాడరని వాళ్ళకెవడు చెప్పాడు? ఎవడో టై కట్టుకున్నవాడు కిటికీలోంచి సముద్రాన్ని చూసి రాసేశాడా?"

"అదీ రాశారు. రెండొందల పద్నాలుగో పేజీ. 'ఈ అంచనాకు ఆధారం, బోటు కెప్టెన్లు పదేళ్ళుగా స్వయంగా నింపి పంపిన వేట రిపోర్టులు.'"

"కాఫీ చల్లారిపోయింది."

"ఇప్పుడేగా పోశాను. పొగలు కూడా వస్తున్నాయి."

"అయితే పంచదార తక్కువైంది."

"మావయ్యా, వేటకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మీరు పంపే కాగితం ఉంటుంది కదా. అందులో మీరేం రాస్తారు?"

"ఏముంది రాయడానికి. ఏం చేప పడిందో, ఎంత బరువో."

"ఎక్కడ పడిందో?"

"నీ మొగుడు పీనో ఏడీ? ఐసు నింపాడా లేదా వీడు?"

"ఎప్పుడో నింపేశారు. ఇప్పుడు డెక్కు కడుగుతున్నారు, కిటికీలోంచి కనిపిస్తున్నారుగా, ఆ పసుపు కోటు. ఇందాకట్నుంచి నాలుగుసార్లు చెయ్యి ఊపారు."

"వాడు చెయ్యి ఊపేది ఆపితే డెక్కు ఎప్పుడో అయిపోయేది."

"గడి నంబరు, మావయ్యా."

"ముప్పై ఒకటి."

"ముప్పై ఒకటో గడిలో ఏముంది?"

"బురద. బురదా, జిగురు పాములూ. ఓసారి వల అక్కడ పడితే మూడు రోజులు కడిగాం, కంపు పోలేదు."

"మరి ముప్పై ఒకటని రాశారెందుకు?"

"ఎందుకేమిటి, అమ్మాయ్? నువ్వు పుట్టింది ఈ ఊళ్ళోనేనా? ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో నీకు తెలీదూ? రేవులో సగంమంది చుట్టాలు ఆ కాగితాలు తీసుకునే ఆఫీసులోనే ఉన్నారు. నలభై ఏడని ఒక్కసారి రాస్తే మర్నాడు పొద్దున్నే పది బోట్లు నా తోక పట్టుకుని వస్తాయి. మా నాన్న ఆస్పత్రి మంచం మీద, నర్సుని బయటికి పంపించి నాకు చెప్పిన చోటది. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు నేను. పీనోని కూడా పద్దెనిమిదేళ్ళు నిండేదాకా అక్కడికి వెళ్ళేటప్పుడు డెక్కు కిందే పడుకోబెట్టేవాణ్ణి."

"పాపం ఆయన."

"పాపం లేదు, ఏమీ లేదు. తెలిసినా అక్కడ వల దించడం అందరివల్లా కాదు. ఓ రాయి ఉంది. దాని మీదికి వల వెళ్ళిందా, పరపరా చీరేస్తుంది."

"తూర్పు మూలన."

"ఆ, తూర్పు మూలన. దానికి కాస్త ఇవతలే బోటు తిప్పాలి. అది చేత్తో తెలియాలి, యంత్రం చెప్పదు. అలాంటి చోటుని పట్టుకుని వేట లేదంటాడా?"

"వాళ్ళు లేదనలేదు, మావయ్యా. మీరే లేదన్నారు. ఇరవై రెండేళ్ళుగా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి మరీ."

"అంటే తప్పు నాదంటావు."

"తప్పెవరిదో గవర్నరుకి అక్కర్లేదు. నిజం చెప్పేద్దాం అంటున్నాను. ఇవాళే, ఆ మూడు నిమిషాల్లోనే."

"చెప్తే వేట పర్మిట్ పీకేస్తారు. అబద్ధం రాయడం నేరమని ఆ కాగితం అడుగునే చిన్నచిన్న అక్షరాల్లో ఉంటుంది. పట్టిపట్టి చదివేదానివి, నీకు కనపళ్ళేదూ?"

"కనపడింది. కాలేజీలో నాతో చదివినమ్మాయి లాయరు, అడిగాను. మీ అంతట మీరే ముందుకొచ్చి దిద్దుకుంటే జరిమానాతో పోవచ్చు అంది."

"పోవచ్చు అందా, పోతుంది అందా?"

"పోవచ్చు అంది."

"చూశావా మరి?"

"ఊరికే కూర్చుంటే గడి ఎలాగూ పోతుంది కదా. గడి లేకుండా పర్మిట్ ఉండి ఏం చేసుకుంటారు, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారా?"

"పర్మిట్ సంగతి పక్కన పెట్టు. ఆ హాల్లో ఎవరెవరుంటారు? రేవు మొత్తం ఉంటుంది. ముందు వరసలో మీ నాన్న. లేచి నిలబడి మైకులో చెప్పమంటావా, అయ్యా, పెద్ద కాడ్ చేపలు ఇక్కడున్నాయి, దయచేసి వచ్చి పట్టుకోండి అని? ఎవరు విన్నా వినొచ్చు గానీ, మీ నాన్న మాత్రం వినకూడదు."

"ఆయనిప్పుడు మీ వియ్యంకుడు కదా."

"వియ్యంకుడైతే? పెళ్ళి భోజనాల్లో నా పక్కన కూర్చున్నాడు. నువ్వు అటు డాన్సు చేస్తున్నావు. మూడో గ్లాసు వైను పోస్తూ, ఎంత మెల్లిగా అడిగాడనుకున్నావు, 'ఈ చలికాలం బాగానే పడ్డట్టుంది బావగారూ, ఎటువైపు' అని."

"మీరేమన్నారు?"

"ముప్పై ఒకటి అన్నాను."

"ఆయనేమన్నారు?"

"నవ్వాడు. 'అరె, నేనూ అక్కడే' అన్నాడు. కూతురి పెళ్ళిలో అంత నున్నగా అబద్ధం ఆడేవాణ్ణి మీ నాన్ననే చూశాను."

"ఇంకో బిస్కెట్ తినండి, మావయ్యా."

"ఎందుకు? ఇంకా ఏదో చదవబోతున్నావా?"

"ముప్పై ఒకటి గురించి కూడా రాశారు. 'ఈ తీరంలో అత్యంత విలువైన వేట ప్రాంతం. పదకొండు బోట్లు దీనిపైనే ఆధారపడి ఉన్నాయి.'"

"పదకొండా? ఆ బురద మీదా?"

"ఇంకా ఉంది. 'కంపెనీ మొదట బోయాలను ముప్పై ఒకటో గడిలోనే ప్రతిపాదించింది. మత్స్యకారుల మేలు కోరి వాటిని నలభై ఏడుకు మార్చడమైనది.'"

"మేలు కోరి."

"అదే రాశారు."

"ఆ గ్యాసు గొడవ ఆ జిగురు పాములకే వదిలేసేవాళ్ళన్నమాట. మేలు కోరి నా నెత్తిన పెట్టారు. మేలు కోరి. ఆ పుస్తకం ముయ్యి. నేను సభకి రాను."

"మూస్తాను. ఒక్క సంగతి చెప్పండి. ఆ పదకొండు బోట్లు ఎవరివి?"

"నాకేం తెలుసు? అక్కడ ఒక్క బోటుని కూడా చూళ్ళేదు నేను."

"మీరు అక్కడికి వెళ్తేగా చూడ్డానికి."

"అంటే నేను పోను మిగతా పదిమందీ కూడా..."

"ముప్పై ఒకటని రాసేసి, ఎక్కడికో వెళ్తున్నారు."

"ఎక్కడికైనా వెళ్ళనీ. నలభై ఏడుకి మాత్రం కాదు. డిసెంబర్ నుంచి మార్చి ఆఖరుదాకా అక్కడ నేనొక్కణ్ణే, దేవుడి సాక్షిగా."

"ఏప్రిల్ నుంచీ?"

"ఏప్రిల్ వస్తే కాడ్ వెళ్ళిపోతుంది. ఖాళీ నీళ్ళలో ఎవడు వల దించుతాడు?"

"ఫ్లౌండర్ చేప ఉంటుంది కదా, మావయ్యా. ఎండలు ముదిరేకొద్దీ బాగా లావెక్కి."

"అమ్మాయ్."

"ఊఁ."

"ఇందాక రాయి ఉందన్నాను. తూర్పు మూలనని ముందుగా నేను అన్లేదు."

"అన్లేదు."

"పీనో గాడు చెప్పాడా నీకు? వాణ్ణి ఇప్పుడే..."

"ఆయనేం చెప్పలేదు. నలభై ఒక్క రోజుల్నుంచీ అడుగుతున్నాను, ముద్దుపెట్టి మాట మార్చేస్తున్నారు."

"మరి నీకెలా తెలుసు?"

"ఆ రాయి మీద చిరిగిన వల నేను కుట్టాను, మావయ్యా. నాకప్పుడు పదమూడేళ్ళు. జులై నెల, మా పెరట్లో, రెండు వారాలు కుట్టాను. రిపోర్టు కూడా నేనే నింపేదాన్ని, నా రాత బాగుంటుందని. నలభై ఏడని రాశాను ఒకసారి. మా నాన్న ఆ కాగితం చింపేసి, ఇంకోటిచ్చి, ముప్పై ఒకటని రాయించారు."

"ఎండాకాలమంతానా?"

"ఎండాకాలం ఆయన, చలికాలం మీరు. ఇన్నేళ్ళూ."

"నవ్వాడే. నా గ్లాసులో వైను పోస్తూ నవ్వాడే."

"మీరు చెప్పింది అబద్ధమనుకుని నవ్వి ఉంటారు. మీరూ అదేగా అనుకున్నారు."

"ఆ రెండో కార్డు..."

"పాడవుతుందని తెచ్చింది కాదు. మా నాన్నది. పొద్దున తీసుకెళ్ళాను, ఖాళీగానే తిరిగొచ్చింది."

"ఏమన్నాడు?"

"పర్మిట్ సంగతి పక్కన పెట్టమన్నారు. ఎవరు విన్నా వినొచ్చు గానీ, మీ మావయ్య మాత్రం వినకూడదు అన్నారు."