కాలు పడని చోటు

నార్వేలో టెలిమార్క్ లోయ. ఫిడేలు గురువు హాల్వోర్ పోయి రెండు నెలలు. ఆయన భార్య బిర్గిట్ వంటింట్లోకి శిష్యుడు ఓస్మున్ వచ్చాడు.

“ఫిడేలు పెట్టెలోనే ఉండనీ, ఓస్మున్. కాఫీ తాగి వెళ్ళు.”

“ఒక్కసారి వినండి పెద్దమ్మా. శనివారం పోటీ. ‘హాల్వోర్ దగ్గర నేర్చినది’ అని చెప్పి మరీ వాయించాలి కదా. తప్పు వాయిస్తే పోయేది ఆయన పేరే.”

“నాకేం తెలుసని? ఆయన ఫిడేలు తీస్తే నేను పశువుల పాకలోకి పోయేదాన్ని. ముప్పై ఏళ్ళు.”

“అంతకుముందు విన్నారుగా?”

“చీజ్ వేసుకో.”

“ఒకటే సందేహం పెద్దమ్మా. ఆయన నేర్పిన పాటంతా కాలితో నేల తడుతూ తాళం వేస్తాం కదా, రెండో వరసలో ఒకచోట కాలు పడదు. కమాను కూడా ఆగుతుంది. కమాను తగలని కింది తీగలు మాత్రం గుయ్యిమంటాయి. తాళం తప్పానని పోయినేడు మార్కులు కోశారు. ఈసారి అక్కడ కాలు వేసేద్దామని...”

“వేసెయ్యి. దానికి నన్నడగాలా?”

“ఆయన వెయ్యనిచ్చేవారు కాదు. ఒకసారి పొరపాటున వేస్తే, ‘అది నీది కాదు’ అన్నారు.”

“ఏమన్నారు?”

“‘అది నీది కాదు’ అని. మరెవరిదండీ అంటే మళ్ళీ మొదట్నుంచి వాయించమన్నారు.”

“వాయించు.”

“ఇప్పుడా?”

“ఆ చోటు దాకా. చాలు.”

“...ఇదిగో, ఇక్కడే. పెద్దమ్మా? ఏమైంది? కూర్చోండి.”

“పొయ్యి పక్కన ఆ బల్ల మీద కూర్చునేది, మా గున్వోర్. ఆరేళ్ళది. కాళ్ళు నేలకి అందేవి కావు. సరిగ్గా ఆ చోటు రాగానే కిందికి దూకేది, రెండు కాళ్ళతో, దబ్బున. దానికోసం ఆయన కమాను ఎత్తి ఆగేవారు.”

“మీకు అమ్మాయి ఉండేదా? ఆయన ఎప్పుడూ...”

“పక్క లోయవాడివి, నీకెలా తెలుస్తుంది. ఆ ఏడు ఏప్రిల్‌లో సరస్సు మీద మంచు విరిగి, నీళ్ళలో పడి చచ్చిపోయింది పిల్ల. వారం తిరక్కుండా ఫిడేలు తీశారు ఈయన. అదే పాట. కూతుర్ని మరిచిపోయిన మనిషి అనుకున్నాను. పాకలో ఆవుల మధ్య కూర్చుని తిట్టుకున్నాను. ఆయనతో సరిగ్గా మాట్లాడిందే లేదు ఓస్మున్, పోయే రోజున కూడా.”

“ఊరుకోండి పెద్దమ్మా. శనివారం అక్కడ కాలు వెయ్యను. మార్కులు పోతే పోనీ.”

“వెయ్యకు. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచి అందుకో. ఆ దెబ్బ నేను వేస్తాను.”